పెద్దల ఖిద్మత్‌కు ఒక పద్ధతి కావాలి

2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం డెబ్బయి ఏళ్లు నిండిన వృద్ధులందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును ప్రారంభించింది. అంతకు ముందే, 2023 డిసెంబరు 9న, మన రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. రెండూ హర్షించదగిన నిర్ణయాలే. వయసు పైబడిన తల్లికి గుండె ఆపరేషన్ చేయించడానికి ఇల్లు తాకట్టు పెట్టవలసిన దుస్థితి కొంతైనా తగ్గుతుంది.

అయితే ఈ కార్డులు ప్రధానంగా పనిచేసేది ఆస్పత్రి గడప లోపల. డిశ్చార్జి కాగితం చేతికిచ్చి పంపించిన తరువాత ఏమిటి? మంచం మీద ఉన్న మనిషిని రోజూ లేపి కూర్చోబెట్టేది ఎవరు? మూడు పూటల మాత్రలు ఎవరు చూడాలి? ఫిజియోథెరపీ ఎన్ని వారాలు చేయించాలి? మళ్లీ డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి, ఏ బస్సులో పోవాలి, వెంట ఎవరు పోవాలి? ఈ ప్రశ్నలకు ఏ కార్డూ సమాధానం చెప్పదు. వృద్ధులకు అసలు పరీక్ష మొదలయ్యేది ఇక్కడే. మన ఇళ్లలో పెద్దల మీద ప్రేమకు కొరత లేదు. కొరత ఉన్నది ఆ ప్రేమను ఒక వరుసలో పెట్టే ఏర్పాటుకు. ఈ శుక్రవారం ఆ విషయాన్నే పాఠకుల ముందు ఉంచదలచాము.

మన ప్రాంతం సంగతి

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి ఈ ప్రశ్న దూరపు ప్రశ్న కాదు. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు ఒకదాని వెంట ఒకటి పెరిగాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. జోగిపేట, నారాయణఖేడ్, జహీరాబాద్, బీదర్ వైపుల నుంచి ఎన్నో ముస్లిం కుటుంబాలు సేద్యం, చేతిపని, చిల్లర వ్యాపారం వదిలి ఈ కంపెనీల చుట్టూ స్థిరపడ్డాయి. అప్పుడు ఇరవై, పాతిక ఏళ్ల యువకులుగా ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, హెల్పర్లుగా చేరినవారు ఈనాడు అరవై అయిదు, డెబ్బయి దాటినవారు. ఒక తరం మొత్తం ఒకేసారి ముసలితనంలోకి అడుగుపెట్టింది.

వారి పిల్లల జీవితం వారి జీవితంలా లేదు. తండ్రికి పర్మినెంటు ఉద్యోగం ఉండేది, కొడుకుది కాంట్రాక్టు పని. ఈ వారం పగటి షిఫ్టు, వచ్చే వారం రాత్రి షిఫ్టు. ఒక కొడుకు దమ్మాంలోనో దుబాయిలోనో ఉంటాడు. కూతురు అత్తవారింట. కోడలు కూడా కుట్టుమిషనో, బడి పంతులమ్మ ఉద్యోగమో, కంపెనీలో ప్యాకింగ్ పనో చేస్తేనే ఇల్లు గడుస్తుంది. ఉమ్మడి కుటుంబం పేరుకు ఉన్నది, కాని పగటిపూట ఇంట్లో ఉండే మనుషులు తగ్గిపోయారు.

దేశమంతటా ఇదే ధోరణి. 2011 జనాభా లెక్కల నాటికే అరవై దాటినవారు సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. 2050 నాటికి ప్రతి అయిదుగురిలో ఒకరు అరవై దాటినవారే ఉంటారని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా వేసింది. 2017-18లో కేంద్ర ఆరోగ్య శాఖ జరిపించిన వృద్ధాప్య సర్వేలో, వృద్ధులలో నూటికి డెబ్బయి అయిదు మందికి కనీసం ఒక దీర్ఘకాలిక జబ్బు ఉన్నట్టు తేలింది. బి.పి., షుగరు, కీళ్ల నొప్పులు, ఆయాసం వచ్చి పోయే జబ్బులు కావు. ఇరవై ఏళ్లు మనిషితో కలిసి నడిచే జబ్బులు. వాటికి రోజూ చూసుకునే మనిషి కావాలి, ఏడాదికి ఒకసారి చేరే ఆస్పత్రి ఒక్కటే చాలదు.

ఎక్కడ తెగుతోంది దారం?

ఒక ఇంటిని ఊహించుకుందాం. పటాన్‌చెరులో డెబ్బయి రెండేళ్ల వితంతువు. షుగరు, బి.పి. ఉన్నాయి. పెద్దకొడుకు పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ. చిన్నకొడుకు గల్ఫులో. కూతురు జహీరాబాదులో. ముగ్గురికీ అమ్మ అంటే ప్రాణమే. పెద్దవాడు ఒక డాక్టరుకు చూపించాడు. కూతురు తన ఊరికి తీసుకెళ్లినప్పుడు ఇంకో డాక్టరుకు చూపించింది. గల్ఫు కొడుకు సెలవు మీద వచ్చి హైదరాబాదులో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయాడు. ముగ్గురు డాక్టర్లు, మూడు చీటీలు. పేర్లు వేరైనా రెండు చీటీలలో ఉన్నది ఒకే బి.పి. మందు. అంగడిలో వేర్వేరు పేర్లతో అమ్ముతారు గనుక ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆమె రెండూ వేసుకుంటున్నది.

ఒకనాడు ఫజర్ నమాజుకు లేచింది. మోతాదు మించిన బి.పి. మందుతో, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగాయి. వుజూ చేసే చోట నేల తడిగా ఉన్నది. పట్టుకోవడానికి గోడకు కడ్డీ లేదు. కిందపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ కార్డు మీద జరిగింది. ఇంటికి వచ్చాక కదిలిస్తే నొప్పి అని మంచం మీదనే ఉంచారు. నెల తిరిగేసరికి నడుము కింద పుండ్లు పడ్డాయి. వాటి కోసం మళ్లీ ఆస్పత్రి.

ఈ ఇంట్లో తప్పు ఎవరిది? కొడుకులు డబ్బు పంపారు, కూతురు వచ్చి వారం రోజులు ఉన్నది, కోడలు రాత్రింబవళ్లు చేసింది. డాక్టర్లు తమ తమ పని చేశారు. కాని మూడు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు ఒక్కరూ లేరు. వుజూ చేసే చోట నేలను చూసినవారు లేరు. రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, ఆపరేషన్ తరువాత డాక్టరు చెప్పిన రోజునుంచే నడిపించాలని కోడలికి నేర్పినవారు లేరు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక పోగు ఉన్నది, అన్ని పోగులనూ పట్టుకున్న చేయి మాత్రం లేదు.

ఆ చేయి పేరే సమన్వయం

వృద్ధుల సంరక్షణను సమన్వయపరచడం అంటే ఇదే. ఆ పని చేసే మనిషిని ఆంగ్లంలో కేర్ కోఆర్డినేటర్ అంటారు. ఆమె డాక్టరు కానవసరం లేదు. శిక్షణ పొందిన నర్సు కావచ్చు, ఫార్మసిస్టు కావచ్చు, సామాజిక సేవ చదివిన అమ్మాయి కావచ్చు. ఆమె చేసే పనిని వివరంగా చూద్దాం.

మొదట ఇంటికి వచ్చి మనిషిని, ఇంటిని రెండింటినీ చూస్తుంది. ఇంట్లో ఉన్న మందులన్నీ, పాతవి సైతం, బల్ల మీద పోయించి ఒక పట్టిక రాస్తుంది. ఏ రెండు మందులు ఒకటేనో, ఏది గడువు దాటిందో గుర్తిస్తుంది. తన సొంత నిర్ణయంతో ఏ మందూ ఆపదు, ఆ పట్టిక డాక్టరు ముందు పెట్టి నిర్ణయం అడుగుతుంది. స్నానాల గదిలో కడ్డీ, రాత్రి చిన్న దీపం, వుజూకు కూర్చోవడానికి పీట, కింద కూర్చోలేనివారికి కమోడ్ కుర్చీ వంటి చిన్న మార్పులు చేయిస్తుంది. మనిషి పడిపోకుండా ఆపడంలో ఈ నాలుగు వస్తువులు చేసే మేలు చాలా ఎక్కువ.

తరువాత ఎవరు ఏ పని చేయాలో కాగితం మీద రాస్తుంది. కొడుకు షిఫ్టు మారినప్పుడు ఆ కాగితమూ మారుతుంది. ఆస్పత్రిలో డిశ్చార్జి రోజున అక్కడే ఉండి, ఇంట్లో ఏమి చేయాలో నర్సు నుంచి నేర్చుకొని ఇంట్లోవారికి నేర్పుతుంది. వారానికోసారి ఫోను, నెలకోసారి రాక. కాళ్ల వాపు, అన్నం సయించకపోవడం, మాట తడబడటం వంటి సూచనలను ముందే పట్టుకుంటుంది. గల్ఫులో ఉన్న కొడుకుకు, జహీరాబాదులో ఉన్న కూతురుకు ఒకే మాట చెబుతుంది గనుక ఫోనులో తగవులు తగ్గుతాయి. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ పెద్దావిడను కూర్చోబెట్టి "మీకేమి కావాలి అమ్మీ?" అని అడుగుతుంది. మన ఇళ్లలో అందరూ పెద్దల గురించి మాట్లాడుకుంటారు, పెద్దలతో మాట్లాడటం మరచిపోతారు.

ఇది గాలిలో మాట కాదు. జపాన్ దేశం 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాలిక సంరక్షణ బీమాను ప్రారంభించింది. నలభై ఏళ్లు దాటిన ప్రతివారూ ప్రీమియం కడతారు. వృద్ధునికి ఎంత సహాయం అవసరమో స్థానిక పురపాలక సంస్థ నిర్ణయిస్తుంది. ఆ తరువాత కేర్ మేనేజర్ అనే శిక్షితురాలు కుటుంబంతో మాట్లాడి, వారంలో ఏ రోజు ఏ సహాయం అందాలో ప్రణాళిక తయారు చేస్తుంది, నెలనెలా దాన్ని సరిచూస్తుంది. ఆ దేశం మనకంటే ధనిక దేశమన్నది నిజమే. కాని అక్కడినుంచి నేర్చుకోవలసింది డబ్బు కాదు, ఒక ఇంటికి ఒక బాధ్యురాలు అనే పద్ధతి.

హైదరాబాదులోనూ ఈ సేవలు అందించే ప్రైవేటు సంస్థలు పుట్టుకొచ్చాయి. విదేశాలలో పిల్లలున్న సంపన్న కుటుంబాలు నెలనెలా రుసుము కట్టి వాటిని వాడుకుంటున్నాయి. షిఫ్టు కార్మికుని ఇంటికి అవి అందే స్థితిలో లేవు. మన ఆలోచన అక్కడ మొదలుకావాలి.

దీన్ ఏమి చెబుతోంది?

"అమ్మానాన్నల సేవను జీతగాళ్లకు అప్పగించడమా? ఇది పాశ్చాత్యుల పోకడ కాదా?" అని కొందరు అడుగుతారు. సహేతుకమైన ప్రశ్నే. దివ్యఖుర్‌ఆన్ పదిహేడవ సూరాలో అల్లాహ్ తన ఆరాధన గురించి ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆజ్ఞాపించాడు. వారు వృద్ధాప్యానికి చేరితే విసుగుతో "ఉఫ్" అని సైతం అనకూడదన్నాడు. జిహాదుకు అనుమతి కోరి వచ్చిన ఒక వ్యక్తిని, తల్లిదండ్రులు బతికి ఉన్నారని తెలుసుకొని, దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి సేవకే తిరిగి పంపించారని సహీహ్ హదీసులలో ఉన్నది. ఈ బాధ్యతను ఎవరూ ఎవరికీ బదిలీ చేయలేరు.

కాని బాధ్యత వేరు, దాన్ని నెరవేర్చే సాధనం వేరు. అమ్మకు జ్వరం వస్తే కొడుకు తానే సూది వేయడు, తెలిసినవారిని పిలుస్తాడు. అందువల్ల అతని ఖిద్మత్ తగ్గిపోదు. అలాగే మంచాన పడిన మనిషిని ఎలా తిప్పాలో తెలిసినవారిని పిలవడం కూడా ఖిద్మత్‌లో భాగమే. వచ్చిన మనిషికి అంతా వదిలేసి తల్లి గదిలోకి తొంగి చూడకపోతే అప్పుడది వదిలించుకోవడం అవుతుంది. కోఆర్డినేటర్ చేతికి నోటుబుక్కు ఇవ్వవచ్చు. తల్లి పక్కన కూర్చొని ఆమె చెప్పిన పాత కబురునే నూరోసారి వినే పని మాత్రం కొడుకుదే, కూతురుదే.

ఇక్కడ కోడళ్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు. మదర్సాలో ఫిఖ్ చదువుకున్నవారందరికీ తెలిసిన విషయమే అయినా మన ఇళ్లలో దీన్ని పైకి చెప్పేవారు తక్కువ. తల్లిదండ్రుల పోషణ, సేవ షరీఅత్ ప్రకారం వారి సంతానం మీద ఉన్న విధి. అత్తమామల సేవ కోడలు చేస్తే అది ఆమె ఎహ్సాన్, ఆమె సద్గుణం, అల్లాహ్ దగ్గర గొప్ప పుణ్యం. దాన్ని హక్కుగా వసూలు చేసి, లోపం జరిగితే ఆమెను నిందించడం న్యాయం కాదు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా పోషణ బాధ్యతను కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలి మీదనే పెట్టింది. ఆ జాబితాలో కోడలు లేదు. అయినా ఆచరణలో భారమంతా ఆమె నడుము మీదే పడుతోంది. బరువెత్తి ఆమె నడుము పోయి, నిద్రలేక ఆమె ఆరోగ్యం పోయి, చివరికి ఇంట్లో ఇద్దరు రోగులవుతున్నారు. పనిని పంచే పద్ధతి ఒకటి ఉంటే మొదట మేలు పొందేది ఆమే.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) ఒక వృద్ధ యూదుడు బిచ్చమెత్తడం చూసి, యవ్వనంలో అతని నుంచి పన్ను తీసుకొని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని భావించి, బైతుల్‌మాల్ నుంచి అతనికి భృతి ఏర్పాటు చేయించారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహ్ అలైహ్) తమ కితాబుల్ ఖరాజ్‌లో దీన్ని నమోదు చేశారు. వృద్ధుల సంరక్షణ ఒక్క ఇంటి పని మాత్రమే కాదని, సమాజం ఏర్పాటు చేయవలసిన పని కూడానని ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం ఏమి కావాలి?

ఉన్నవాటిని వాడుకుంటున్నామా?

సమన్వయం లేకపోవడం వల్ల కలిగే మరో నష్టం, చేతికి అందవలసిన సదుపాయాలు అందకుండా పోవడం. కొన్నింటిని చూడండి.

ఇ.ఎస్.ఐ. ఉన్న కార్మికుని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు, వారి సొంత ఆదాయం నిర్ణీత పరిమితి లోపల ఉంటే, ఆ పథకంలో వైద్యం లభిస్తుంది. నిబంధనల ప్రకారం కనీసం అయిదేళ్లు బీమాలో ఉండి, పదవీ విరమణ వయసు వచ్చి ఉద్యోగం వదిలిన కార్మికుడు ఏడాదికి 120 రూపాయల నామమాత్రపు సొమ్ము కట్టి తనకూ, తన భార్యకూ వైద్యం పొందవచ్చు. రామచంద్రాపురంలో ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి ఉన్నది. రిటైరైన ఎంతమంది కార్మికులు ఈ 120 రూపాయలు కట్టి ఆ హక్కును నిలుపుకున్నారో ప్రతి మొహల్లాలో ఒకసారి వాకబు చేయవలసిందే.

జాతీయ వయోవృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం 2010-11లో మొదలైంది. దాని కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వారానికొకసారి వృద్ధులకు ప్రత్యేక పరీక్షలు, జిల్లా ఆస్పత్రిలో ప్రత్యేక పడకలు, మంచం దిగలేనివారి ఇళ్లకు ఆరోగ్య సిబ్బంది రాక ఉండాలి. క్యాన్సరు, పక్షవాతం వంటి జబ్బులతో మంచాన పడినవారి కోసం రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలలో ఉపశమన వైద్య కేంద్రాలు ఏర్పాటు చేసింది. ఆ కేంద్రాల "ఆలన" వాహనాలలో సిబ్బంది రోగి ఇంటికే వెళ్లి పుండ్లు శుభ్రం చేయడం, నొప్పి తగ్గించడం, ఇంట్లోవారికి నేర్పడం వంటి పనులు చేస్తారు. 2022లో సంగారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. బి.పి., షుగరు ఉన్నవారిని ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఇంటింటికీ వచ్చి నమోదు చేసుకుంటున్నారు.

వయోవృద్ధుల కోసం 14567 అనే టెలిఫోను సహాయవాణి ఉన్నది. టాటా ట్రస్టుల చొరవతో మొదట హైదరాబాదులో ప్రారంభమై, 2021 అక్టోబరు 1న దేశమంతటికీ విస్తరించింది. పింఛను, న్యాయ సలహా, నిరాదరణకు గురైనవారికి సహాయం వంటి విషయాలలో దారి చూపుతుంది. ఇక పిల్లలు పూర్తిగా వదిలేస్తే, పైన చెప్పిన 2007 చట్టం కింద ఆర్.డి.ఓ. ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు వృద్ధులు స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పటాన్‌చెరు చుట్టుపక్కల భూముల ధరలు పెరిగిన ఈ రోజుల్లో ఇల్లు, జాగా పిల్లల పేర హిబా చేసే పెద్దలు మరొక జాగ్రత్త తీసుకోవాలి. తమ పోషణ చూడాలనే షరతును ఆ దస్తావేజులోనే రాయించుకోవాలి. ఆ షరతు తప్పితే దస్తావేజు రద్దు కోరే వీలు ఆ చట్టం 23వ సెక్షన్‌లో ఉన్నది.

ఇన్ని ఉన్నా ఒక్కొక్కటి ఒక్కొక్క ఆఫీసులో, ఒక్కొక్క కాగితంతో ఉన్నది. పెద్ద కాలనీలో చదువుకున్న కుటుంబానికి దారి దొరుకుతుంది. ఒంటరి వితంతువుకు దొరకదు. ఆమె తరఫున తిరిగే మనిషి ఉంటేనే హక్కు హక్కుగా మిగులుతుంది.

మలప్పురం చూపిన దారి

దీనికి నమూనా మన దేశంలోనే, ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న జిల్లాలోనే ఉన్నది. కేరళలోని కాలికట్ మెడికల్ కాలేజీలో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు నొప్పి నివారణ, ఉపశమన వైద్య సంఘాన్ని స్థాపించారు. రోగులందరూ ఆస్పత్రికి రాలేరని కొన్నాళ్లకే వారికి అర్థమైంది. అప్పుడు మలప్పురం జిల్లాలో ఊరూరా సాధారణ జనానికి శిక్షణ ఇచ్చి, వారినే ఇళ్లకు పంపే పద్ధతి మొదలైంది. స్థానిక కమిటీ ఉంటుంది. శిక్షణ పొందిన నర్సు ఉంటుంది. డాక్టరు నిర్ణీత రోజుల్లో వస్తారు. వాలంటీర్లు ఇంటి అవసరాలు చూస్తారు. రోగి ఇంట్లో బియ్యం లేవా, పిల్లల బడి ఫీజు కట్టలేదా అన్నది కూడా వారి లెక్కలోకి వస్తుంది. దుకాణాల్లో పెట్టిన డబ్బాలలో జనం వేసే చిల్లర నాణాలతో, విద్యార్థుల చందాలతో ఆ కేంద్రాలు నడిచాయి. రోగి మతం ఏమిటని ఎవరూ అడగలేదు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంగా ప్రకటించి, పంచాయతీల ద్వారా ఇంటింటి సేవను విస్తరించింది.

అక్కడి జనానికి సాధ్యమైనది సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్, పటాన్‌చెరు మొహల్లాలలో ఎందుకు సాధ్యం కాదు? మన మస్జిదు కమిటీలు రంగులకు, ఏ.సి.లకు, మీనార్లకు చందాలు వసూలు చేయగలుగుతున్నాయి. ఒక మొహల్లాకు ఒక శిక్షిత నర్సు జీతం వసూలు చేయడం అంతకంటే కష్టమా? నమాజుకు రావడం మానేసిన ముసలాయన ఎందుకు రావడం లేదో మొదట తెలిసేది ఇమామ్‌కూ, ముఅజ్జిన్‌కూ. మొదటి సఫ్‌లో ఖాళీ అయిన చోటే మొదటి సమాచారం.

జకాత్ సొమ్ము గురించి

ఇక్కడ ఒక ఫిఖ్ విషయం స్పష్టం చేయాలి. జకాత్‌ను తన తల్లిదండ్రులకు ఇవ్వడం చెల్లదు, వారిని పోషించడం ఎలాగూ అతని విధి కనుక. "అమ్మ మందులకు ఇచ్చిందే నా జకాత్" అని అనుకునేవారు ఈ మాట గమనించాలి. కాని ఇతరుల నిరుపేద తల్లిదండ్రులకు ఇవ్వవచ్చు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్‌లక్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేద చేతికి సొంతమై చేరాలి. దీన్నే తమ్లీక్ అంటారు. కనుక పేద వృద్ధురాలికి మందులు, కమోడ్ కుర్చీ, వాటర్ బెడ్ కొని ఆమెకే సొంతంగా ఇచ్చేస్తే జకాత్ నెరవేరుతుంది. నర్సు జీతం, వాహనం ఖర్చు, ఫోను బిల్లు నేరుగా జకాత్ నుంచి ఇవ్వరాదు. వాటికి నఫిల్ సదకా, చందాలు వేరుగా వసూలు చేయాలి. నఫిల్ సదకా నుంచి ముస్లిమేతర పొరుగువారికి కూడా సేవ అందించవచ్చు. రెండు ఖాతాలు, రెండు రసీదు పుస్తకాలు, ఏటా లెక్కల ప్రకటన ఉంటే జనానికి నమ్మకం కుదురుతుంది. సందేహం ఉన్నచోట స్థానిక ముఫ్తీలను సంప్రదించాలి.

సేవ చేసేవారికి జీతం ఎందుకు, వాలంటీర్లు చాలరా అని అడగవచ్చు. వాలంటీర్లు కావాలి. కాని ఉత్సాహం రమజాన్‌లో పొంగి షవ్వాల్‌లో చల్లారే అలవాటు మనకున్నది. రోగి పుండుకు షవ్వాల్ తెలియదు. జీతం తీసుకునే శిక్షిత మనిషి ఉంటేనే నోటుబుక్కులో ప్రతి నెలా రాత ఉంటుంది, జవాబుదారీ ఉంటుంది. మన కాలనీలలో నర్సింగ్, ఫార్మసీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఉన్నారు. వారికిది గౌరవప్రదమైన ఉపాధి. వృద్ధ స్త్రీలకు స్త్రీ చేతి సేవ, పర్దాకు భంగం లేకుండా.

కొన్ని జాగ్రత్తలు

బ్యూరోల నుంచి అటెండెంటును పెట్టుకునేవారు ఆమె గుర్తింపు పత్రం, ఇంతకు ముందు పనిచేసిన ఇంటి చిరునామా తప్పక తెలుసుకోవాలి. "నర్సు" అని చెప్పినంత మాత్రాన నర్సు కాదు, చదివిన కాగితం అడగాలి. తల్లిదండ్రుల ఏ.టి.ఎం. కార్డు, రహస్య నంబరు ఎవరికీ ఇవ్వరాదు. రోగి శరీరం, రోగి జబ్బు అమానత్. వాటి గురించి బజారులో మాట్లాడే మనిషిని ఇంట్లో ఉంచరాదు. అటెండెంటుకు కూడా నిద్ర, భోజనం, సెలవు రోజు ఉండాలి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) ఉమ్మత్ మనది.

రమజాన్ రావడానికి నెల ముందే షుగరు, బి.పి. ఉన్న పెద్దలను డాక్టరుకు చూపించాలి. కొన్ని షుగరు మాత్రలు వేసుకొని ఆహారం తీసుకోకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. మోతాదు, వేళ మార్చుకోవచ్చునో, లేక రోజా ఉండకూడదో డాక్టరే చెప్పాలి. రోజా ఉండే శక్తి ఇక తిరిగి రాని వృద్ధులకు షరీఅత్ ఫిదియా సౌలభ్యం ఇచ్చింది. నిలబడలేనివారికి కూర్చొని, కూర్చోలేనివారికి పడుకొని నమాజు చేసే వీలిచ్చింది. ఈ సౌలభ్యాలను వాడుకోవడం ఈమాన్ లోపం కాదని పెద్దలకు నచ్చజెప్పే పని ఇమాములది.

మొదలు ఎలా?

పెద్ద సంస్థ కోసం ఎదురుచూడనవసరం లేదు. ఈ వారమే ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. పెద్దల మందుల పేర్లు, మోతాదు, వేళ, డాక్టర్ల ఫోను నంబర్లు, కార్డుల నంబర్లు అందులో రాయండి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా అది వెంట ఉండాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక జుమా రోజు కూర్చొని తమలో ఒకరిని బాధ్యునిగా నిర్ణయించుకోండి. డబ్బు ఎవరిది, రాత్రి కాపలా ఎవరిది, కోడలికి విశ్రాంతి ఏ రోజు అన్నది అక్కడే తేల్చుకోండి. ఆ మాటల్లో పెద్దలను కూడా కూర్చోబెట్టండి. మస్జిదు కమిటీ తన మొహల్లాలో ఒంటరిగా ఉన్న వృద్ధులు, మంచాన పడినవారు ఎందరో ఒక జాబితా రాయాలి. నాలుగు మస్జిదులు కలిస్తే ఒక నర్సును నియమించుకోవచ్చు. ఆమె ఆశా కార్యకర్తతో, ఆలన సిబ్బందితో, ఇ.ఎస్.ఐ. ఆఫీసుతో మాట్లాడుతుంది.

ఈ పారిశ్రామికవాడలను తమ చెమటతో నిలబెట్టిన తరం ఈనాడు మన ఇళ్లలో, మన గల్లీలలో మంచం మీద ఉన్నది. వారు కోరుతున్నది తమ ఇంట్లో, తమవారి మధ్య, అజాన్ వినపడే చోట శేష జీవితం గడపాలని. ఆ కోరిక తీరాలంటే మన ప్రేమకు ఒక పట్టిక, ఒక వేళ, ఒక బాధ్యుడు కావాలి. తల్లిదండ్రుల సేవలో లోపం లేకుండా నడుచుకునే భాగ్యాన్ని, పొరుగువారి వృద్ధులను కూడా తమవారిగా చూసుకునే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.